మిర్రర్‌లెస్సా, పాత సూపర్‌జూమా: ముందు దూరం తేల్చుకోండి

(విశాఖపట్నంలో కొత్తగా ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్న వారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇందాక టీ తాగుతున్నప్పుడు నన్ను పలకరించిన వాళ్లలో ఎక్కువమంది ఒకే ప్రశ్న అడిగారు. "కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో అన్నిటికన్నా చవకైనది తీసుకోవాలా, లేక ఆ డబ్బులో కొంతకే దొరికే పాత సూపర్‌జూమ్ తీసుకోవాలా?" అని. దీని గురించి మీకు ఇప్పటికే చాలామంది చాలా చెప్పి ఉంటారు. మిర్రర్‌లెస్ అంటే ముందుకు పోయే దారి, సూపర్‌జూమ్ అంటే కాలం చెల్లిన సరుకు అన్న మాట బాగా పాతుకుపోయింది. నేను ఆ మాటను ఒప్పుకోను. అలాగని పాతదే గొప్పదని చెప్పడానికీ రాలేదు. మీరు ఫొటో తీయాలనుకున్నది మీకు ఎంత దూరంలో ఉంటుంది, ఏ వేళ వెలుగులో ఉంటుంది? ఈ రెండు ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకోకుండా దుకాణానికి వెళ్తే, ఏది కొన్నా ఆర్నెల్లలో అది బీరువాలోకి చేరుతుంది.

ముందు రెండిటినీ క్లుప్తంగా చెబుతాను. మిర్రర్‌లెస్ అంటే లోపల అద్దం లేని కెమెరా. దాని లెన్స్ విడిగా వస్తుంది, ఊడదీసి మార్చుకోవచ్చు. 2008లో పానసోనిక్ జి1తో మొదలైన ఈ తరహా ఇప్పుడు మార్కెట్టులో ఎక్కువ భాగాన్ని ఆక్రమించింది. మొదటిసారి కొనేవాళ్లు ఎక్కువగా చూసేవి కానన్ ఆర్50, ఆర్100, నికాన్ జెడ్50, సోనీ ఎ6400 లాంటివి. సూపర్‌జూమ్‌కు లెన్స్ శాశ్వతంగా అతికి ఉంటుంది, కానీ అది బాగా విశాలమైన దృశ్యం నుంచి బాగా దూరపు దృశ్యం దాకా సాగుతుంది. 2012లో వచ్చిన కానన్ ఎస్ఎక్స్50, 2015లో వచ్చిన నికాన్ పి900, 2018 నాటి పి1000 ఈ కోవలోవి. సెకండ్‌హ్యాండ్‌లో మీకు కనిపించేవి చాలావరకు ఇవే.

పి900 పెట్టె మీద "83 రెట్లు" అని ఉంటుంది. వస్తువు 83 రెట్లు పెద్దదిగా కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. అది కాదు. ఆ లెన్స్ ఫోకల్ లెంగ్త్, అంటే దృశ్యాన్ని ఎంత దగ్గరకు తెస్తుందో చెప్పే కొలత, 24 మిల్లీమీటర్ల నుంచి 2000 మిల్లీమీటర్ల దాకా పోతుంది, రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 83 వస్తుంది, అంతే. కాబట్టి రెట్లు చూడకండి, చివరి అంకె చూడండి. ఈ అంకెలు ఫుల్‌ఫ్రేమ్ కొలతకు, అంటే పాత 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ సైజుకు, మార్చి చెప్పినవి. ఆ కెమెరా లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ 4.3 నుంచి 357 మిల్లీమీటర్లే. ఇకమీదట లెన్స్ పొడవు అంటే నా ఉద్దేశం ఇదే. వెలుగును ఫొటోగా మార్చే చిప్, అంటే సెన్సర్, చాలా చిన్నది కావడం వల్ల ఆ పొడవుకే అంత దూరం దగ్గరకు వస్తుంది.

ఎంత చిన్నది? పి900 సెన్సర్ సుమారు 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 మిల్లీమీటర్ల ఎత్తు. నికాన్, సోనీ చిన్న మిర్రర్‌లెస్‌లలో ఉండే, ఏపీఎస్-సీ అని పిలిచే సైజు సెన్సర్ 23.5 మిల్లీమీటర్ల వెడల్పు, 15.6 మిల్లీమీటర్ల ఎత్తు. విస్తీర్ణంలో పదమూడు రెట్ల తేడా. దుకాణంలో అమ్మేవాళ్లు ఈ అంకె చెప్పి, "ఇంకేం చూస్తారు సార్" అని సూపర్‌జూమ్‌ను పక్కన పెట్టేస్తారు. వాళ్లు చెప్పింది నిజమే, కానీ సగమే నిజం. మిగతా సగం చాలామందికి తెలియదు, నేను ఈరోజు ప్రధానంగా చెప్పాలనుకున్నదీ అదే.

సెన్సర్ ఎంత పెద్దదైనా దాని మీదికి వచ్చే వెలుగు లెన్స్‌లోంచే రావాలి. లెన్స్‌లో వెలుగు ప్రవేశించే రంధ్రం వ్యాసం కావాలంటే లెన్స్ అసలు పొడవును ఎఫ్ సంఖ్యతో భాగించండి. రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే అంకె అది, తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది. పి900లో పూర్తిగా దూరానికి జూమ్ చేసినప్పుడు పొడవు 357, ఎఫ్ సంఖ్య 6.5. భాగిస్తే 55 మిల్లీమీటర్లు. ఇప్పుడు మిర్రర్‌లెస్‌తో చాలామంది కొనే దూరపు లెన్స్ తీసుకోండి. నికాన్ 50-250లో 250ని 6.3తో భాగిస్తే దాదాపు 40 మిల్లీమీటర్లు. దానికన్నా ఖరీదైన కానన్ 100-400లో 400ని 8తో భాగిస్తే 50. అంటే దూరంగా ఉన్న వస్తువు నుంచి వెలుగు పట్టుకోవడంలో ఆ "పాత చిన్న సెన్సర్" కెమెరా ఈ రెండిటికీ తీసిపోదు, ఒక అడుగు ముందే ఉంది.

చంద్రుడితో లెక్క చూద్దాం, అది ఎప్పుడూ మోసం చేయని పరీక్ష. చంద్రబింబం ఆకాశంలో సుమారు అర డిగ్రీ కోణంలో ఉంటుంది కాబట్టి సెన్సర్ మీద పడే బింబం సైజు లెన్స్ పొడవులో దాదాపు 110వ వంతు. పి900లో అది మూడుంపావు మిల్లీమీటర్లు, అంటే ఫ్రేము ఎత్తులో మూడింట రెండు వంతులకు పైగా. పిక్సెళ్లలో సుమారు 2,400. నికాన్ జెడ్50కి 250 లెన్స్ తగిలించి తీస్తే చంద్రుడి వ్యాసం సుమారు 530 పిక్సెళ్లు. కానన్ ఆర్50కి 400 లెన్స్‌తో సుమారు 970. పి900 ఇచ్చే ఆ 2,400 పిక్సెళ్లలో ప్రతిదానిలోనూ కొత్త వివరం ఉండదు, గాలి కదలిక, లెన్స్ మెత్తదనం కొంత తినేస్తాయి. అయినా తేడా పెద్దదే. కైలాసగిరి మీద నుంచి పున్నమినాడు సముద్రంలోంచి పైకొచ్చే చంద్రుణ్ణి ఫ్రేము నిండా తీయాలన్నది మీ కోరిక అయితే, మొదటి కెమెరా మిర్రర్‌లెస్ కావాలని నేను చెప్పను.

ఇప్పుడు జూమ్‌ను పూర్తిగా వెనక్కి తెచ్చి, దగ్గర దృశ్యం తీసేటప్పుడు లెక్క చూడండి. పి900లో 4.3ని 2.8తో భాగిస్తే ఒకటిన్నర మిల్లీమీటరు. ఆవగింజంత రంధ్రం. నికాన్ జెడ్50తో వచ్చే 16-50 కిట్ లెన్స్‌లో 16ని 3.5తో భాగిస్తే నాలుగున్నర మిల్లీమీటర్లు. వ్యాసం మూడు రెట్లు, వైశాల్యం దాదాపు తొమ్మిది రెట్లు. దూరానికి గెలిచిన కెమెరాయే దగ్గర వస్తువు దగ్గర ఇంత చిత్తుగా ఓడిపోతుంది. పగటి వెలుతురులో ఈ లోటు కనిపించదు. సాయంత్రం ఇంట్లో పిల్లల పుట్టినరోజు తీయండి, బొర్రా గుహల్లో దిగి తీయండి, కళాభారతిలో కూచిపూడి చూస్తూ తీయండి, అప్పుడు కనిపిస్తుంది. నర్తకి పాదం కదలిక గడ్డకట్టాలంటే షట్టర్ సెకనులో 250వ వంతు సేపే తెరుచుకోవాలి. చిన్న సెన్సర్ అక్కడ ఐఎస్ఓను, అంటే తక్కువ వెలుగును ఎక్కువ చేసి చూపే అమరికను, ఎంతగా పెంచాల్సి వస్తుందంటే పట్టుచీర జరీ అంతా ఇసుక చల్లినట్టు మచ్చలమయం అయిపోతుంది. నాట్యం మీద, పెళ్లిళ్ల మీద, ఇంటివాళ్ల ముఖాల మీద ప్రేమ ఉన్నవాళ్లు సూపర్‌జూమ్ జోలికి వెళ్లకండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

(సభికుల్లో ఒకరు: "సార్, దగ్గరివి తీయడానికి ఫోను ఉంది కదా?")

సరైన ప్రశ్న అడిగారమ్మా. నేను అక్కడికే వస్తున్నాను. మీ చేతిలో మంచి ఫోను ఉంటే, పగటి పూట విశాల దృశ్యాలకు అది చాలు. ఒక కిట్ లెన్స్‌తో మిర్రర్‌లెస్ కొని, ఋషికొండ బీచ్‌లో మధ్యాహ్నం ఫొటోలు తీసి, "ఫోనుకీ దీనికీ తేడా ఏముంది" అని నిరుత్సాహపడిన వాళ్లను నేను ఎందరినో చూశాను. తప్పు కెమెరాది కాదు. చిన్న మిర్రర్‌లెస్ బలం దాని మొదటి లెన్స్‌లో లేదు, రెండో లెన్స్‌లో ఉంది. ఎఫ్ 1.8 ఉన్న 50 మిల్లీమీటర్ల లెన్స్ ఒకటి తగిలించండి, రంధ్రం 28 మిల్లీమీటర్లు అవుతుంది. అప్పుడు పూర్ణా మార్కెట్‌లో సంధ్యవేళ బల్బు కింద కూర్చున్న పూలమ్మే ఆమె ముఖం వచ్చే తీరు ఫోనులో రాదు, సూపర్‌జూమ్‌లోనూ రాదు. కాబట్టి మిర్రర్‌లెస్ ధర అంటే పెట్టె మీద ధర కాదు, దానికి రెండో లెన్స్ ధర కూడా కలిపి లెక్క వేసుకోండి. ఆ రెండో లెన్స్ ఎప్పటికీ కొననని మీకు ముందే తెలిస్తే, దయచేసి మొదటిది కూడా కొనకండి.

దూరపు లెన్స్ విషయంలో ఈ లెక్క ఇంకా కఠినం. 100-400 లాంటి లెన్స్ కొనడం మరో కెమెరా కొన్నంత పని. జెడ్50తో 250 దగ్గర ఆగిపోతే మీకు దక్కేది ఫుల్‌ఫ్రేమ్ కొలతలో 375 మిల్లీమీటర్లే. కొండకర్ల ఆవలో పడవ మీద వెళ్లి నీటికాకినీ, లకుముకి పిట్టనీ తీయాలనుకున్నవాడికి 375 సరిపోదు. పిట్ట ఫ్రేములో ఒక మూల చుక్కలా ఉంటుంది, తర్వాత కత్తిరించుకుంటే ముక్కు, కన్ను కలిసిపోతాయి. అదే డబ్బుకు, లేదా అంతకన్నా తక్కువకు, పాత పి900 ఆ పిట్ట ఈకలు లెక్కపెట్టేంత దగ్గరకు తెస్తుంది. విద్యార్థులు, చిన్న జీతాల మీద బతికేవాళ్లు పక్షుల మీద ఆసక్తితో నా దగ్గరకు వస్తే నేను సంకోచం లేకుండా సూపర్‌జూమే చెబుతాను. పక్షిని గుర్తుపట్టడం నేర్పేది స్పష్టంగా కనిపించే ఫొటో. వెనుక దృశ్యం మెత్తగా కరిగిపోయిందా లేదా అన్నది తర్వాతి సంగతి.

అయితే ఒక షరతు. కూర్చున్న పక్షి వేరు, ఎగిరే పక్షి వేరు. ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లు వచ్చే వేళకు వెళ్తే గద్దలు చేపల కోసం నీటి మీదికి దూసుకొస్తుంటాయి. ఆ దృశ్యాన్ని పి900తో పట్టుకోవడం చాలా కష్టం. దాని ఫోకస్ వెనక్కీ ముందుకీ వెతుక్కుంటుంది, అది దొరికేలోగా గద్ద ఫ్రేములో ఉండదు. కన్ను ఆనించి చూసే చిన్న తెర, అంటే ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ కూడా వరసగా తీస్తున్నప్పుడు వెనకబడుతుంది. ఇక్కడ కొత్త మిర్రర్‌లెస్‌లు నిజంగా వేరే తరానివి. 2023లో వచ్చిన ఆర్50 జంతువుల కళ్లను గుర్తించి వెంబడిస్తుంది. 2024లో వచ్చిన నికాన్ జెడ్50 రెండో తరానికి పక్షుల కోసమే ప్రత్యేకమైన అమరిక ఉంది. ఆర్100 మాత్రం మనుషుల ముఖాల దగ్గరే ఆగిపోతుంది, పైగా దాని తెర తాకితే పనిచేయదు, తిరగదు. ధర తక్కువ అని దాన్ని పక్షుల కోసం కొనకండి.

బరువు మాట ఒక్క వాక్యంలో చెప్పేస్తాను. పి900 సుమారు 900 గ్రాములు, ఆర్50కి 100-400 తగిలిస్తే కిలోకి కాస్త పైన, పి1000 ఒక్కటే 1,400 గ్రాములు.

దూరం గురించి ఇంత చెప్పాక గాలి గురించి చెప్పకపోతే అన్యాయం. బీచ్ రోడ్డు మీద నిలబడి, రేవు బయట లంగరు వేసిన ఓడలను మిట్టమధ్యాహ్నం 2000 మిల్లీమీటర్లలో తీస్తే ఓడ అడుగు భాగం నీటికి పైన గాలిలో తేలుతున్నట్టు, వణుకుతూ కనిపిస్తుంది. కెమెరా చెడిపోయిందని కంగారు పడకండి. ఎండకు వేడెక్కిన ఇసుక, రోడ్డు, నీటి మీద గాలి పొరలు ఒక్కొక్కటి ఒక్కో ఉష్ణోగ్రతలో ఉంటాయి, వెలుగు వాటిలోంచి వచ్చేటప్పుడు వంగుతూ వస్తుంది. ఎంత ఖరీదైన లెన్స్ అయినా దీన్ని సరిచేయలేదు. వాన వెలిసిన మరుసటి ఉదయం వెళ్లండి, అదే ఓడ మీద తాళ్లు కూడా కనిపిస్తాయి. పొడవాటి జూమ్‌లో చేతి వణుకు కూడా అంతే పెద్దదవుతుంది. ఏదైనా పిట్టగోడకు మోచేతులు ఆనించండి. ముందు జూమ్ తగ్గించి వస్తువును మధ్యలోకి తెచ్చుకుని, అప్పుడు పెంచండి. పి900లో ఒక బటన్ నొక్కి ఉంచితే జూమ్ కాసేపు వెనక్కి వెళ్లి, వదలగానే మళ్లీ ముందుకు వస్తుంది. ఫ్రేములోంచి జారిపోయిన పిట్టను వెతకడానికి అంతకన్నా మంచి సాయం లేదు.

ఇంకొక మాట. ఇది విశాఖ వాళ్లకు మరీ ముఖ్యం, అందుకే గొంతు పెంచి చెబుతున్నాను. తూర్పు నౌకాదళ కమాండ్ కేంద్రం మన ఊళ్లోనే ఉంది. కంటికి ఆనని దూరాన్ని గదిలోకి తెచ్చే కెమెరా మీ చేతికొచ్చిన రోజు మొదట కలిగే ఉబలాటం యుద్ధనౌకల వైపు, డాక్‌యార్డు వైపు తిప్పాలని. వద్దు. నిషేధిత ప్రాంతాల ఫొటోలు తీయడం 1923 నాటి అధికార రహస్యాల చట్టం కిందికి వస్తుంది. మీ ఉద్దేశం ఎంత అమాయకమైనదైనా అక్కడి గోడల వైపు, రాడార్ల వైపు కెమెరా ఎత్తకండి. నౌకాదళం జనం కోసమే ఆర్కే బీచ్ దగ్గర విన్యాసాలు జరిపినప్పుడు, కురుసుర జలాంతర్గామి మ్యూజియం దగ్గర, అక్కడి నియమాలు ఏవో తెలుసుకుని హాయిగా తీసుకోండి. పిల్లలకు కెమెరా ఇస్తున్న తల్లిదండ్రులు ఈ మాట ఇంట్లో తప్పక చెప్పాలి.

అలాంటిదే సముద్రపు తాబేళ్ల సంగతి. చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. పిల్లలు బయటికొచ్చినప్పుడు వెలుగును బట్టే సముద్రం ఎటు ఉందో తెలుసుకుంటాయి. మీ ఫ్లాష్, మీ ఫోను టార్చి వాటిని రోడ్డు వైపు తిప్పేస్తాయి. తెల్లవారుజామున అటవీశాఖ వాళ్లు పిల్లల్ని వదిలేటప్పుడు, వారి అనుమతితో, ఫ్లాష్ లేకుండా తీయాలంటే మిర్రర్‌లెస్‌కు ఆ ఎఫ్ 1.8 లెన్స్ ఉండాలి. సూపర్‌జూమ్ మాత్రమే ఉన్నవాళ్లు ఆ రోజు కెమెరాను సంచిలోనే ఉంచి కళ్లారా చూడండి.

(మరొకరు: "రెండూ కావాలంటే మధ్యలో ఏదీ లేదా?")

ఉంది. ఒక అంగుళం సెన్సర్ అని పిలిచే కెమెరాలు. దాని సెన్సర్ 13.2 మిల్లీమీటర్ల వెడల్పు, 8.8 ఎత్తు, అంటే పి900 కన్నా నాలుగు రెట్లు పెద్దది. 2014లో వచ్చిన పానసోనిక్ ఎఫ్‌జెడ్1000 అలాంటిది. ఫుల్‌ఫ్రేమ్ కొలతలో 25 నుంచి 400 దాకా పోతుంది, ఎఫ్ 2.8 నుంచి 4 దాకానే మారుతుంది. సోనీ ఆర్ఎక్స్10 మూడు, నాలుగు తరాలు 600 దాకా పోతాయి, కానీ పాతవైనా వాటి ధర దిగిరాలేదు. ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లు, అరకు రైలెక్కి కొండలూ మనుషులూ రెండూ తీయాలనుకునేవాళ్లు, లెన్సులు మార్చే ఓపిక లేనివాళ్లు మంచి స్థితిలో ఎఫ్‌జెడ్1000 దొరికితే వదలకండి. పక్షుల పిచ్చి ఉన్నవాళ్లకు మాత్రం 400 చాలదు.

ఇక కొన్నాక కాపాడుకోవడం. మన ఊరి గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉన్నాయి. లెన్స్ అద్దం మీద సాలెగూడు పోగుల్లా పెరిగే ఫంగస్ ఈ ఊళ్లో కెమెరాలకు అతి పెద్ద శత్రువు. అది పైపూతను తినేశాక తుడిచినా పోదు. తోలు సంచిలో, బట్టల బీరువాలో కెమెరా దాచకండి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, చిన్న తేమ కొలిచే మీటరు ఉంటే చాలు, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చినప్పుడు సంచి విప్పకుండా ఒక అరగంట ఉంచండి, లేకపోతే అద్దం మీద నీళ్లు పడతాయి. బీచ్‌లో లెన్స్ మార్చకండి. మార్చక తప్పదంటే కారులో కూర్చుని, బాడీ ముఖం కిందికి ఉండేలా పట్టుకుని మార్చండి. సూపర్‌జూమ్‌కు ఆ బెడద లేదని సంతోషించడానికి వీల్లేదు. ఆ లెన్స్ సాగినప్పుడల్లా బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. మిర్రర్‌లెస్ సెన్సర్ మీద దుమ్ము పడితే బ్లోయర్‌తో ఊదుకోవచ్చు. సూపర్‌జూమ్ లోపల పడితే మొత్తం విప్పాల్సిందే, పాత మోడల్‌కు అలా విప్పి మళ్లీ సరిగ్గా బిగించే మెకానిక్కు దొరకడం కష్టం.

అందుకే పాతది కొనేటప్పుడు చూసి కొనండి. జూమ్ మొదటి నుంచి చివరిదాకా, మళ్లీ వెనక్కి, చాలాసార్లు నడిపించి చెవి పెట్టి వినండి. ఎక్కడైనా గీరుకుంటున్న చప్పుడు వస్తే, మధ్యలో ఆగి మళ్లీ కదిలితే, బేరం ఎంత బాగున్నా వదిలేయండి. టార్చి లైటు ఏటవాలుగా పట్టి లెన్స్‌లోకి చూస్తే ఫంగస్ పోగులు తెలుస్తాయి. దుకాణం బయటికి వచ్చి ఖాళీ ఆకాశాన్ని ఎఫ్ 8 దగ్గర ఒక ఫొటో తీసి, తెర మీద పెద్దది చేసి చూడండి. నల్లటి మచ్చలు ఎప్పుడూ ఒకే చోట ఉంటే దుమ్ము సెన్సర్ మీద ఉంది. వీధి చివరి బోర్డును పూర్తి జూమ్‌లో తీసి, నాలుగు మూలలూ సమానంగా ఉన్నాయో లేదో చూడండి. ఒక వైపే మసకగా ఉంటే ఎప్పుడో కిందపడిన కెమెరా అది. బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. పి900 బ్యాటరీ కొత్తది ఎక్కడ దొరుకుతుందో తెలుసుకున్నాకే డబ్బులివ్వండి. రా ఫైలు, అంటే కెమెరా మార్పులు చేయకుండా దాచే ముడి ఫొటో, కావాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, పి900లో అది లేదు. ఎస్ఎక్స్50లో, నికాన్‌దే మరో సూపర్‌జూమ్ పి950లో, పి1000లో ఉంది.

నేను తెచ్చిన రెండు కెమెరాలూ ఆ బల్ల మీద ఉన్నాయి. ఒకటి పి900, ఇంకొకటి జెడ్50, దాని పక్కన 50-250 లెన్స్. మీ మెమరీ కార్డులు తెచ్చుకున్నవాళ్లు వాటిని పెట్టి, ఈ కిటికీలోంచి ఎదురు మేడ మీది నీళ్ల ట్యాంకును రెండిటితోనూ తీయండి. తర్వాత వెనక్కి తిరిగి, ఈ హాల్లో మీ పక్కన కూర్చున్నవారి ముఖాన్ని రెండిటితోనూ తీయండి. ఇంటికెళ్లి కంప్యూటర్‌లో ఆ నాలుగు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాక ఇంకా సందేహం ఉంటే వచ్చే సమావేశంలో అడగండి.